పుణ్యం రాని స్నానం

'స్పా' అనే మాటను తెలుగులో ఏమనవచ్చునని ఈ మధ్య చాలాసేపు ఆలోచించాను. బెల్జియం దేశంలో ఆ పేరు గల చిన్న ఊరొకటి ఉంది. అక్కడి ఖనిజజలాల ఊటల కోసం కొన్ని శతాబ్దాలుగా రోగులూ రాజులూ వెళ్ళివచ్చేవారు. క్రమంగా ఆ ఊరి పేరే అటువంటి చోట్లన్నిటికీ పేరై కూర్చుంది. 'నీటివల్ల ఆరోగ్యం' అని అర్థమిచ్చే లాటిన్ మాటల తొలి అక్షరాలు కలిపితే ఇది పుట్టిందని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది గానీ, అది తరువాతి కాలంలో ఎవరో అల్లినది. ఇక మన మాటల సంగతి చూస్తే, 'స్నానఘట్టం' అనగానే నది గుర్తుకొస్తుంది. 'స్నానాలగది' అనగానే బకెట్టూ చెంబూ గుర్తుకొస్తాయి. 'జలకాలాట' మంచి మాటే గానీ అందులో పడుచుదనం పాలెక్కువ. అరవై ఎనిమిదేళ్ళ అమ్మను జలకాలాటకు తీసుకువెళ్ళానంటే వినేవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు.

మాట దొరకకపోతే పెద్ద నష్టమేమీ లేదు, అరువు తెచ్చుకుందాం. కానీ ఆ మాట సూచించే పనికే మన ఇళ్ళలో చోటు లేదేమోనన్న సందేహం మాత్రం నన్ను వదలలేదు. వయసు మళ్ళిన ఒక స్త్రీ, ఏ మొక్కూ చెల్లించనక్కర లేకుండా, ఏ శుభకార్యంలోనూ అక్షింతలు వేయనక్కర లేకుండా, ఎవరికీ సాయం పట్టనక్కర లేకుండా, కేవలం తన ఒంటికి హాయిగా ఉంటుందని రెండు రోజులు మరో ఊరు వెళ్ళి రావడం అనే పనికి మన భాషలో ఏం పేరుంది? నాకైతే తట్టలేదు. ఆ పేరు లేని పని మన పెద్దవాళ్ళకు అవసరమనీ, దానికి వాళ్ళను ఏ కారణమూ అడగకూడదనీ చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

మన ఇళ్ళలోని పెద్దవాళ్ళ ప్రయాణాలను ఒకసారి లెక్క వేసి చూడండి. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పరామర్శలు, పుష్కరాలు. మా అమ్మ 2003లో గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్ళింది. 2015లో మళ్ళీ వెళ్ళింది. నడుమ ఒకసారి బదరీనాథ్ వెళ్ళి, తప్తకుండంలో వేడినీటి స్నానమూ చేసింది. వాటిని తలచుకున్నప్పుడు ఆమె ముఖం వెలిగే మాట నిజమే. అయితే పుష్కరాల రేవులో ఆమె ఏం చేసిందో కూడా నాకు తెలుసు. తెల్లవారుజామున లేచి పదిమందికి పులిహోర కలిపింది. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపింది. తడిబట్టలు పిండింది, తువ్వాళ్ళు లెక్కపెట్టింది. అందరివీ అయ్యాక, సామాను ఎవరో ఒకరు చూస్తామన్నాక, గబగబా తన మూడు మునకలూ వేసి వచ్చేసింది. పన్నెండేళ్ళకొకసారి వచ్చే స్నానంలో ఆమె వాటా అంత.

తీర్థయాత్రలను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. కొన్ని తరాల స్త్రీలకు గడప దాటడానికి దొరికిన ఒకే ఒక అనుమతిపత్రం పుణ్యం. దాన్ని వాళ్ళు తెలివిగా వాడుకున్నారు కూడా. దర్శనం పేరు చెప్పి ఊళ్ళు చూశారు, నదులు చూశారు, తోటి ఆడవాళ్ళతో మనసు విప్పి మాట్లాడుకున్నారు. నా అభ్యంతరమల్లా, ఇప్పటికీ ఆ పత్రం చూపిస్తేనే గానీ మనం తలుపు తీయకపోవడం మీద. 'అమ్మను కాశీ తీసుకువెళ్ళాను' అంటే 'అదృష్టవంతురాలు' అంటారు. 'అమ్మను ఊరికే రెండు రోజులు హాయిగా ఉండమని తీసుకువెళ్ళాను' అంటే 'అక్కడ ఏముంది?' అని అడుగుతారు.

బయటి దేశాల్లో స్థిరపడిన మన ఇళ్ళలో ఈ లెక్క ఇంకా కచ్చితంగా నడుస్తుంది. నేనుండే బ్రిటన్‌లో సాధారణ సందర్శక వీసా మీద వచ్చినవారు ఒక్కో రాకలో ఆరు నెలల వరకు ఉండవచ్చు. ఆ ఆరు నెలలు తెలుగు ఇళ్ళలో ఎలా గడుస్తాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. బిడ్డ పుట్టే ముందు అమ్మ వస్తుంది, ఆమె వెళ్ళే వారానికి అత్తగారు దిగుతారు. చంటిబిడ్డతో పాటు వంటిల్లు కూడా ఒకరి చేతిలోంచి మరొకరి చేతికి మారుతుంది. పిల్లలు బళ్ళో చేరేదాకా ఈ వంతులు సాగుతాయి, ఆ తరువాత రాకపోకలు పలచబడతాయి. మా అమ్మ కూడా మొదటి మూడుసార్లూ ఏదో ఒక పని మీదే వచ్చింది. రెండు పురుళ్ళు, ఒక శస్త్రచికిత్స. చెయ్యి అవసరమైన చోట అమ్మ చెయ్యి కోరుకోవడం సహజమే. కాని దీనికొక పర్యవసానం ఉంది. పని లేనప్పుడు తాను వచ్చి ఏం చేయాలో ఆమెకు తోచదు. నాలుగోసారి రమ్మని పిలిస్తే ఫోనులో ఆమె అడిగిన మొదటి ప్రశ్న, 'ఎందుకే? ఎవరికేమైంది?'

ఎవరికీ ఏమీ కాలేదని నమ్మకం కుదిరాక వచ్చింది. ఇంగ్లండులో పేరే 'స్నానం' అయిన ఊరొకటి ఉంది, బాత్. మేముండే రెడింగ్ నుంచి రైల్లో గంట ప్రయాణం. అక్కడ భూమిలోంచి 46 డిగ్రీల సెల్సియస్ వేడితో నీరు ఉబికి వస్తుంది. ప్రధానమైన ఊట ఒక్కటే రోజుకు పదకొండు లక్షల లీటర్లకు పైగా ఇస్తుంది. మెండిప్ కొండల మీద ఎప్పుడో కురిసిన వాన, సున్నపురాతి పొరల్లోంచి వేల మీటర్ల లోతుకు ఇంకి, అక్కడ కాగి, పగుళ్ళ వెంట పైకి తన్నుకు వస్తుందని భూగర్భ శాస్త్రజ్ఞుల వివరణ. రోమనులు క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఇక్కడ గుడి కట్టారు, గుడిని ఆనుకుని స్నానశాలలు కట్టారు. స్థానికులు కొలిచే సూలిస్ దేవతను తమ మినర్వాతో కలిపి సూలిస్ మినర్వా అని పిలిచారు. 1987 నుంచి ఈ ఊరు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. 2021లో మరో పది ఐరోపా స్నానపట్టణాలతో కలిసి రెండోసారి కూడా ఎక్కింది. ఆ పదింటిలో బెల్జియంలోని అసలు స్పా ఊరూ ఒకటి.

ఆ పాత రోమను కొలనును చూడవచ్చు గానీ అందులో దిగకూడదు, నీటిని ముట్టుకోకూడదు కూడా. అమ్మ అలవాటు చొప్పున వంగి నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకోబోతే, పక్కనున్న హెచ్చరిక చదివి వినిపించాను. శుద్ధి చేసిన అదే నీటిని తాగడానికి మరోచోట ఇస్తారు. గోరువెచ్చగా, తుప్పు రుచితో ఉన్న ఆ నీటిని ఆవిడ తీర్థంలాగే పుచ్చుకుంది. ప్రదర్శనశాలలో ఆమె ఎక్కువసేపు నిలబడింది సీసపు రేకుల దగ్గర. దేవతకు జనం రాసుకున్న అర్జీలవి. 130 దాకా దొరికాయి. చాలామటుకు బట్టలో డబ్బులో దొంగలపాలైనవాళ్ళవి. దోసిలియానస్ అనే ఒకాయన తన అంగీ ఎత్తుకుపోయినవాడికి నిద్రనూ సంతానాన్నీ దక్కనివ్వవద్దని వేడుకున్నాడు. 'రేవులో చెప్పులు పోతే మనమూ ఇలాగే తిట్టుకుంటాం' అంది అమ్మ.

రోమనులకు గుడీ స్నానశాలా ఇరుగుపొరుగు. మొక్కు తీర్చుకున్న మనిషి నాలుగడుగులు వేసి వేడినీళ్ళలో కాళ్ళు చాపుకునేవాడు. ఒంటి సుఖం తగిలితే భక్తి మైలపడుతుందని వాళ్ళు అనుకున్నట్టు లేదు. మనవాళ్ళు మాత్రం అనుకున్నారా? నరక చతుర్దశి నాడు నువ్వులనూనె పట్టించుకుని తలంటు పోసుకోవడం శాస్త్రం చెప్పినదే. సుఖానికీ పుణ్యానికీ మధ్య గోడ కట్టినది, పెద్దవాళ్ళకు, అందులోనూ ఆడవాళ్ళకు, ఇంకా సుఖమెందుకనే మన అలవాటు.

ఇక చాలామంది ఆగిపోయే గడప ఒకటుంది. బట్టలు. పుష్కరాల రేవులో వేలమంది ఎదుట చీరతో మునిగి లేవడానికి సంకోచించని మనిషి, ఈతదుస్తులన్న మాట వినగానే 'చాల్లే, నేను గట్టున కూర్చుని నిన్ను చూస్తాను' అంటుంది. ఆ సంకోచాన్ని చాదస్తమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. అరవై ఏళ్ళ మర్యాదను అరగంటలో విడిచిపెట్టమనడం విశ్రాంతి అనిపించుకోదు. మణికట్టు దాకా చేతులూ, చీలమండల దాకా కాళ్ళూ కప్పే ఈతదుస్తులు ఇప్పుడు అంగళ్ళలో దొరుకుతాయి. ముందే అడిగి, అభ్యంతరం లేదని తెలుసుకుని, ఒక జత కొన్నాను. చమత్కారమేమిటంటే, 17వ శతాబ్దం చివర ఇదే ఊరికి వచ్చిన సీలియా ఫైన్స్ అనే ఇంగ్లీషు యాత్రికురాలు, ఇక్కడి స్త్రీలు పెద్ద పెద్ద చేతులున్న, బిరుసైన పసుపుపచ్చ కాన్వాసు అంగీలతో నీళ్ళలో దిగేవారని రాసిపెట్టింది. తడిసినా ఒంటికి అతుక్కోని బట్ట అది. అంతకు ముందు 1668లో వచ్చిన శామ్యూల్ పీప్స్ అనే దినచర్య రచయితకేమో, ఇంతమంది దిగిన నీరు శుభ్రంగా ఎలా ఉంటుందన్న సందేహం వచ్చింది. మూడున్నర శతాబ్దాల తరువాత మా అమ్మకు కలిగిన మొదటి రెండు సందేహాలూ సరిగ్గా ఇవే.

శుభ్రత గురించిన సందేహం ఉత్తదేమీ కాదు సుమా. 1978లో పాత రోమను కొలనులో ఈదిన ఒక బాలిక, నీటిలోని అమీబా మెదడుకు సోకి మరణించింది. దానితో స్నానాలు ఆపేశారు. నీటిని శుద్ధి చేసే ఏర్పాట్లతో 'థర్మే బాత్ స్పా' తెరుచుకున్నది 2006లో. మేము వెళ్ళింది అక్కడికే.

ఆ ప్రధాన స్నానశాలలోకి పదహారేళ్ళలోపు పిల్లలను రానివ్వరు. ఈ నియమం విలువ లోపలికి వెళ్ళాక తెలిసింది. అమ్మ కనిపెట్టుకుని ఉండవలసిన పిల్లలెవరూ అక్కడ లేరు. మేడమీది కొలనులో మొదటి పది నిమిషాలు ఆమె కమ్మీ పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళకు దారి ఇస్తూ నిలబడింది. అల్లుడు పిల్లలకు అన్నం పెట్టాడో లేదో అంది. పొయ్యి మీద గిన్నె ఉన్నట్టు రెండుసార్లు గడియారం కోసం చుట్టూ వెతికింది. ఆ తరువాత నెమ్మదిగా చేతులు వదిలింది. ఛాతీ లోతు నీటిలో మనిషి బరువు సగానికి పైగా నీరే మోస్తుంది. కీళ్ళనొప్పులున్నవాళ్ళను వైద్యులు నీటిలో వ్యాయామం చేయమనేది అందుకే. ఎదురుగా బాత్ అబ్బే గోపురం, దూరంగా కొండలు, నీటి మీద ఆవిరి. ఇరవై నిమిషాలు ఆమె ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ అంతసేపు మాట్లాడకుండా ఉండగా అంతవరకు నేను చూసినవి రెండే సందర్భాలు, జ్వరం వచ్చినప్పుడూ, కోపం వచ్చినప్పుడూ. చివరకు, 'మోకాళ్ళు ఉన్నాయో లేవో తెలియట్లేదే' అంది.

ఇటువంటివి చెప్పినప్పుడు వెంటనే వినిపించే మాట ఒకటుంది. 'ఇవన్నీ మనకు ఎప్పటినుంచో ఉన్నవే గదా!' ఉన్నమాట నిజమే. ఇంగ్లీషువాళ్ళ 'షాంపూ' మన హిందీ 'చాంపో' నుంచి వెళ్ళినదే. పాట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్, ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో ఆవిరి స్నానశాల తెరిచి, ఒళ్ళుపట్టడాన్ని షాంపూ అనే పేరుతో దొరలకు అలవాటు చేశాడు. నాలుగో జార్జి, ఆయన తరువాత నాలుగో విలియం, ఇద్దరు రాజులూ ఆయనను తమ 'షాంపూ వైద్యుడి'గా నియమించుకున్నారు. నేటి స్పాలలో ధరల పట్టిక కట్టి అమ్మే నూనెలూ నలుగులూ చాలామటుకు మన నూతిగట్టు సరుకులే.

అయితే ఈ గర్వంలో మనం అడగని ప్రశ్న ఒకటుంది. ఆ తలంట్లు ఎవరు ఎవరికి పోశారు? వారం వారం పిల్లలందరినీ వరుసగా పీట మీద కూర్చోబెట్టి, మాడున నూనె అంటి, నలుగు పెట్టి, కుంకుడుకాయలు కొట్టి రసం తీసి, కాగులో నీళ్ళు కాచి పోసి, సాంబ్రాణి పొగ వేసినది అమ్మ. పండుగ పూట ఇంట్లో మగవాళ్ళకు నీళ్ళు తోడిపెట్టింది అమ్మ. పొయ్యి ఆరే వేళకు, గోరువెచ్చగా మిగిలిన నాలుగు చెంబులూ తను పోసుకుని వంటింట్లోకి పరిగెత్తింది కూడా అమ్మే. ఆమె తలకు ఇంకొకరు నూనె అంటినది ఎప్పుడు? చిన్నతనంలో. పెళ్ళికూతుర్ని చేసినప్పుడు. పురిటి మంచం దిగినప్పుడు. చివరి పురిటిస్నానంతో ఆ వంతు తీరిపోయింది. మన సంప్రదాయం సేవను అందంగా నేర్పింది గానీ, సేవ చేసినవారి వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేదు. ఉన్నదాన్ని తలచుకుని మురిసిపోయే బదులు, లేని ఆ వంతును మనం కల్పించవలసి ఉంది.

ఖర్చు దండగ అనేది తరువాతి అభ్యంతరం. ధర చెబితే మా అమ్మ పౌన్లను నూటికి పైగా పెట్టి హెచ్చవేస్తుంది, వచ్చిన రూపాయలను కందిపప్పు కిలోలలోకి మారుస్తుంది. ఆ లెక్క ముందు ఎవరమూ నిలవలేం. కాని అదే డబ్బుకు ఒక గొలుసో పట్టుచీరో కొనిపెడితే ఎవరూ దండగ అనరు. గొలుసు బీరువాలోకి వెళ్ళి చివరికి మనవరాలి మెడకు చేరుతుంది. చీర ఏ ఆడపడుచుకో పెట్టుబడిగా వెళ్ళిపోతుంది. అమ్మకు ఇచ్చినదంతా ఆమె చేతిమీదుగా మరొకరికి చేరడం మనకు అలవాటైపోయింది. ఆమె ఎవరికీ పంచిపెట్టలేనిది, దాచిపెట్టలేనిది ఇద్దామని వెతికితే, సుఖంగా గడిచిన ఒక పూట తప్ప నాకు మరొకటి కనిపించలేదు. విశ్రాంతి అంటే ధనవంతుల విలాసమని అనుకోనక్కర కూడా లేదు. ఇదే బాత్ ఊళ్ళో, రాజులూ ప్రభువులూ జూదాలకూ నాట్యాలకూ చేరే రోజుల్లోనే, పేద రోగులకు ఈ నీటితో వైద్యం చేయడానికి 1738లో చందాలతో ఒక ఆసుపత్రి స్థాపించారు. నొప్పిగా ఉన్న కీలుకు హోదా లేదని వాళ్ళు గుర్తించారు.

'ప్రేమను డబ్బుతో కొనడం పాశ్చాత్యుల వరస' అనే మాటను నేను సగం ఒప్పుకుంటాను. అమ్మను స్పా వాకిట్లో దింపి, టిక్కెట్టు చేతిలో పెట్టి, మనం ఫోను చూసుకుంటూ బయట కూర్చుంటే ఆ నింద న్యాయమైనదే. అసలు కష్టమైనది రెండు రోజులు పనీపాటా లేకుండా ఒకరికొకరు ఎదురుగా ఉండడం. మొదటి పూట ఏం మాట్లాడుకోవాలో తోచదు, ఎందుకంటే మన మాటలన్నీ పనుల చుట్టూనే తిరుగుతాయి. మందులు వేసుకున్నావా, కూర ఏం చేశావు, గ్యాసు వచ్చిందా. ఆ మాటలు అయిపోయాక మరో సంచి విప్పుకుంటుంది. రెండోరోజు సాయంత్రం, 18వ శతాబ్దంలో ముప్ఫై ఇళ్ళను ఒకే నెలవంకగా కట్టిన రాయల్ క్రెసెంట్ ముందరి ఉద్యానంలో బెంచీ మీద కూర్చున్నాం. పెళ్ళికి ముందు తాను టైపు హయ్యరు పాసయ్యాననీ, ఉద్యోగపు ఉత్తర్వు కూడా వచ్చిందనీ, ఆ కాగితం ఇప్పటికీ ట్రంకుపెట్టె అడుగున ఉందనీ అమ్మ చెప్పింది. పుట్టి బుద్ధెరిగి ఇన్నేళ్ళలో నేను ఎన్నడూ వినని సంగతి అది. ఇంట్లో చెప్పేందుకు ఆమెకు ఖాళీ ఎప్పుడు దొరికింది గనక?

ఈ ఊరికి తల్లిదండ్రుల విశ్రాంతితో పాత సంబంధమే ఉంది. నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ 1801 నుంచి 1806 దాకా ఇక్కడ నివసించింది. చర్చి ఆచార్యుడైన తండ్రి బాధ్యతల నుంచి తప్పుకుని శేషజీవితానికి ఈ ఊరిని ఎంచుకుంటే, పెళ్ళికాని కూతుళ్ళిద్దరూ వెంట వచ్చారు. ఆయన 1805లో ఇక్కడే కన్నుమూశాడు. ఆ ఏళ్ళలో ఆమె రచన పెద్దగా సాగలేదు, మొదలుపెట్టిన ఒక నవల మధ్యలోనే ఆగిపోయింది. పెద్దవాళ్ళ విశ్రాంతి కోసం పిల్లలు తమ బతుకు ధారపోయాలని నేను అననిది అందుకే. త్యాగం ఏ వైపు నుంచి వచ్చినా రెండోవాళ్ళ ప్రాణానికి సుఖముండదు. నేనడుగుతున్నది ఏడాదికి రెండు రోజులు.

మర్దన గురించి ఒక మాట. అమ్మకు అరగంట వీపూ భుజాలూ పట్టించాను. బయటికి వస్తూనే, 'రోజుకు ఎంతమందో పాపం, సాయంత్రానికి ఆ పిల్లకు చేతులు లాగెయ్యవూ?' అంది. నలభై ఏళ్ళు ఆ పని చేసిన చేతులకు తప్ప ఆ ప్రశ్న తట్టదనుకుంటాను. ఆ అమ్మాయికి జీతం ఉంది, సెలవు ఉంది, చేసే పనికి ఒక పేరుంది. ఆ మూడింటిలో ఒక్కటీ అమ్మ పనికి ఏనాడూ లేదు.

ఇందుకోసం బాత్ దాకా రానక్కరలేదు. మైసూరు కావచ్చు, పుదుచ్చేరి కావచ్చు, రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగే మరో పాత ఊరు కావచ్చు. వేడినీళ్ళూ ఒక మంచి గదీ ఉంటే చాలు. నాకు పనికొచ్చిన నియమాలు నాలుగే. దారిలో గుడి ఉంటే తప్పక వెళ్ళండి, కాని ప్రయాణానికి దాన్ని కారణం చేయవద్దు. మనవలను వెంట తీసుకువెళ్ళవద్దు. అమ్మ సర్దిన సంచిలోంచి ఊరగాయ సీసా తీసి ఇంట్లో పెట్టేయండి. 'ఎందుకే ఇప్పుడు?' అంటే 'ఊరికే' అనండి, ఇంకేమీ చెప్పవద్దు. నాన్నలకూ ఇవే వర్తిస్తాయి. ఉద్యోగ విరమణ తరువాత చాలామంది నాన్నలు బ్యాంకు పని, కరెంటు బిల్లు తప్ప మరో కారణంతో వీధి దాటరు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏ కారణమూ లేకుండా చివరిసారి ఊరు కదిలింది ఎప్పుడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుర్తుకు రాకపోతే, వాళ్ళ మోకాళ్ళు ఇంకా సహకరిస్తూ ఉండగానే రెండు టిక్కెట్లు తీసుకోండి.